లాస్‌లెస్ ప్లాన్ తీసుకుంటే చెవికి తెలుస్తుందా, బిల్లుకే తెలుస్తుందా?

రాత్రిపాట

లాస్‌లెస్ గురించి, అంటే పాటలో ఒక్క బిట్ కూడా పారేయకుండా పంపే స్ట్రీమింగ్ గురించి, ఎక్కడ వెతికినా రెండే రకాల మనుషులు దొరుకుతున్నారు. 320 కేబీపీఎస్ (పాటకి సెకనుకి వచ్చే డేటా, వేల బిట్లలో) దాటాక మనిషి చెవికి ఏమీ తెలీదు, డబ్బు దండగ అనేవాళ్లు ఒకవైపు. లాస్‌లెస్ ఒక్కసారి విన్నాక పాతది వినబుద్ధి కాదు అనేవాళ్లు ఇంకోవైపు. ఇద్దరూ బల్లగుద్ది చెప్తారు. దేంతో విన్నారు, ఎలా పోల్చారు అని అడిగితే మాత్రం నోరు మెదపరు.

నా సంగతి ఇదీ. పాటల యాప్‌లలో స్పాటిఫైకి డబ్బు కడుతున్నాను. ఆపిల్ మ్యూజిక్, టైడల్ ట్రయల్‌లో ఉన్నాయి. ట్రయల్ గడువు అయ్యేలోపు ఒకటి ఉంచుకుని మిగతావి తీసేయాలి. అందుకని ఒకే పాట మూడింట్లోనూ పెట్టి విన్నాను. ఒకదాంట్లో బేస్ నిండుగా, గొంతు ఎదురుగా ఉన్నట్టు ఉంది. ఇంకోదాంట్లో అంతా ఉంది గానీ కాస్త పలచగా అనిపించింది. మూడోదాంట్లో గాయని పక్కగదిలోంచి పాడుతున్నట్టుంది. ఏది ఏ యాపో కావాలనే చెప్పడం లేదు. చెప్తే ఇక్కడ కొట్లాట మొదలవుతుంది.

పగలు బయట తిరిగేటప్పుడు బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో వింటాను. రాత్రి అందరూ పడుకున్నాక వైరున్న హెడ్‌ఫోన్లు, ఫోన్‌కి చిన్న అడాప్టర్ తగిలించి. నేను సంగీతం నేర్చుకున్నదాన్ని కాదు. కానీ వయొలిన్ అంటే చాలా ఇష్టం, కమాను తీగ మీద ఆనిన చప్పుడు కూడా వినపడాలి నాకు. పాత సినిమా పాటలు కూడా తెగ వింటాను.

నాకు వినిపించిన తేడా ప్లాన్‌దా, యాప్‌దా, లేక నేను ఊహించుకున్నదా? దయచేసి "మంచి చెవులుంటే తెలుస్తుంది" లాంటి జవాబులు వద్దండీ.

మిక్సింగ్‌మావయ్య

రాత్రిపాట గారూ, మీరు ఊహించుకోలేదు. తేడా ఉంది. అది క్వాలిటీ తేడానా కాదా అన్నది వేరే ప్రశ్న. నేనైతే ముందు వాల్యూమ్‌ని అనుమానిస్తాను.

పాటకీ పాటకీ మధ్య శబ్దం ఎగుడుదిగుడు కాకుండా ఈ సర్వీసులన్నీ ఒక మట్టానికి తెస్తాయి. నార్మలైజేషన్ అంటారు. స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్‌కి (పాట ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) తెస్తుంది. ఆపిల్ మ్యూజిక్‌లో సౌండ్ చెక్ ఆన్ చేసి ఉంటే మైనస్ 16 దగ్గర ఉంటుంది. అంటే ఫోన్ వాల్యూమ్ ముట్టుకోకుండా యాప్ ఒక్కటే మార్చినా, అదే పాట రెండు డెసిబెల్స్ పడిపోతుంది. ఇంత చిన్న తేడాని చెవి "శబ్దం తగ్గింది" అని చెప్పదు. "పలచగా ఉంది", "దూరంగా ఉంది" అని చెప్తుంది. శబ్దం తగ్గేకొద్దీ మన చెవికి బేస్ మిగతావాటికంటే ఎక్కువగా తగ్గిపోతుంది. ఫ్లెచర్, మన్సన్ అని ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి గీతలు గీసి పెట్టారు. మీరు రాసిన వర్ణన చదవగానే నాకు గుర్తొచ్చింది ఆ గీతలే.

నేను మిక్సింగ్ చేసి బతుకుతాను. ఒకే మిక్స్‌ని కాస్త పెంచి రెండోసారి వినిపిస్తే "ఇప్పుడు కుదిరింది చూడండి" అనే క్లయింట్లు ఎందరో. ఏం మార్చావని ఎవరూ అడగరు. నేనూ చెప్పను.

కాబట్టి మొదట మూడు యాప్‌ల సెట్టింగ్స్‌లోకి వెళ్లి నార్మలైజేషన్ ఆఫ్ చేయండి. ఈక్వలైజర్ ఉంటే అదీ తీసేయండి. ఆపిల్ మ్యూజిక్‌లో డాల్బీ అట్మాస్ (శబ్దం చుట్టూ ఉన్నట్టు వినిపించే పద్ధతి) కూడా ఆఫ్. ఇది ముఖ్యం. అట్మాస్ అనేది పై మెట్టు క్వాలిటీ కాదు, అసలు మిక్సే వేరు. గొంతు ఎక్కడ ఉండాలో, ఎంత ఉండాలో ఇంకొకరు కూర్చుని మళ్లీ నిర్ణయించిన పాట అది. పైగా స్ట్రీమింగ్‌లో వచ్చే అట్మాస్ లాస్‌లెస్ కూడా కాదు, 768 కేబీపీఎస్ దగ్గర కుదించినదే. "పక్కగదిలోంచి పాడుతున్నట్టు" అన్నారే, ఆ వాక్యం అట్మాస్ మీద నాకు గట్టి అనుమానం తెప్పించింది.

ఇవన్నీ ఆపాక ఒక లాభం ఉంది. మూడు సర్వీసులకీ మ్యూజిక్ కంపెనీ ఇచ్చింది ఒకే మాస్టర్ (విడుదలకి తయారుచేసిన తుది రూపం) అయితే, మూడింట్లోనూ శబ్దం ఒకే ఎత్తులో రావాలి. అప్పుడూ ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా ఉంటే మీరు పోలుస్తున్నవి ఒకే పాట కాదన్నమాట, పేరు ఒకటే అయినా.

ఇక ప్లాన్ల మాట. స్పాటిఫై ఉచితంగా వింటే గరిష్ఠం 160 కేబీపీఎస్, డబ్బు కట్టినవాళ్లకి 320, ఆగ్ వోర్బిస్ అనే కోడెక్‌లో (పాటని కుదించే పద్ధతిని కోడెక్ అంటారు). 2021లో హైఫై పేరుతో లాస్‌లెస్ తెస్తామని ప్రకటించి, చివరికి 2025 సెప్టెంబర్‌లో లాస్‌లెస్ మొదలుపెట్టారు, 24-బిట్ 44.1 కిలోహెర్ట్జ్ దాకా. అది మీ ప్లాన్‌లో ఉందో లేదో యాప్‌లోనే చూసుకోండి, దేశాన్నిబట్టి మారుతోంది. ఆపిల్‌లో మామూలుగా వచ్చేది ఏఏసీ అనే కోడెక్‌లో 256. ఆ పైన లాస్‌లెస్ 24/48 (24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్) దాకా, సీడీని మించిన హైరెస్ 24/192 దాకా, అన్నీ ఒకే చందాలో. టైడల్ 2024 ఏప్రిల్‌లో తన రెండు చందా మెట్లనూ కలిపేసింది. అదే ఏడాది జూలైలో ఎంక్యూఏ అనే కోడెక్‌ని వదిలేసి మొత్తం ఫ్లాక్ అనే లాస్‌లెస్ కోడెక్‌కి వచ్చింది. ఎంక్యూఏ గురించి నన్ను కదిలించొద్దు, రాత్రి తెల్లారిపోతుంది. అమెజాన్ మ్యూజిక్ 2019లో హెచ్‌డీ అనే లాస్‌లెస్ ప్లాన్‌ని ఎక్కువ ధరకి మొదలుపెట్టి, 2021 మే 17న అదనపు డబ్బు అక్కర్లేదంది. ఆపిల్ తన లాస్‌లెస్‌ని ప్రకటించింది కూడా సరిగ్గా ఆ రోజే. అప్పట్నుంచి "లాస్‌లెస్‌కి వేరే డబ్బు" అనే మాట చాలాచోట్ల అర్థం పోగొట్టుకుంది. యూట్యూబ్ మ్యూజిక్ 256 దగ్గర ఆగుతుంది.

అంకెలు చూసి 320కీ సీడీ వాళ్ల 1411కీ మధ్య నాలుగు రెట్ల తేడా ఉందనుకోకండి. 1411 అనేది కుదించని లెక్క: 44,100 శాంపిళ్లు, 16 బిట్లు, రెండు ఛానళ్లు, మూడూ గుణిస్తే వచ్చేది. ఫ్లాక్ దాన్ని ఒక్క బిట్ పోకుండానే సగానికో, మూడింట రెండొంతులకో తెస్తుంది. మిగిలిన తేడాలో 320 పారేసేది, చెవికి ఇంకో శబ్దం చాటున దాగిపోయేవాటిని.

అసలు తేడా మొదలయ్యేది కింద మెట్లలో. 96 కేబీపీఎస్ దగ్గర, ఇంకా కిందకు 24 దగ్గర అయితే చెప్పనే అక్కర్లేదు. సింబల్స్, తాళాలు ఇసుక రాలినట్టు వినిపిస్తాయి. చప్పట్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. చాలామంది ఫోన్లలో మొబైల్ డేటా మీద "ఆటోమేటిక్" అని ఉంటుంది. నెట్ కాస్త బలహీనపడగానే అది చెప్పకుండా కిందకు దిగిపోతుంది. డబ్బు కట్టేది పై ప్లాన్‌కి, వినేది కింద మెట్టు. వైఫైకి, మొబైల్ డేటాకి, డౌన్‌లోడ్‌కి సెట్టింగ్స్ వేర్వేరుగా ఉంటాయి, మూడూ చూడండి. లాస్‌లెస్ కూడా దానంతటది రాదు, మీరు ఆన్ చేయాలి. స్పాటిఫైలో అయితే ప్రతి పరికరం మీదా విడిగా.

నిశ్శబ్దప్రియ

మావయ్య గారు చెప్పింది చాలావరకు ఒప్పుకుంటాను గానీ, ఆ "ఇంకో శబ్దం చాటున దాగిపోయేవి" అన్న మాట దగ్గర ఆగాలి. దాగిపోతాయని లెక్కగట్టింది ఎన్‌కోడర్, అంటే పాటని కుదించే సాఫ్ట్‌వేర్. దాని లెక్క ఎక్కువసార్లు సరిపోతుంది, ప్రతిసారీ కాదు. నిశ్శబ్దంలోంచి ఒక్కసారిగా పుట్టే శబ్దాలు, అంటే చిడతలు, కాస్టనెట్స్, ఘటం మీద గోటి దెబ్బ లాంటివి దాన్ని ఇబ్బంది పెడతాయి. దెబ్బ కంటే ఒక క్షణం ముందే సన్నగా "స్స్" అని వినిపిస్తుంది. ప్రీ-ఎకో అంటారు. 128 దగ్గర ఎవరికైనా దొరుకుతుంది. 320 దగ్గర దొరకడం అరుదు. అరుదు అన్నాను, లేదనలేదు.

నేను లాస్‌లెస్‌కే ఉన్నాను. నాకు ప్రతిసారీ తేడా వినిపిస్తుందని కాదు. తంబురా శ్రుతి సన్నగా చెదిరినట్టు అనిపించినప్పుడు, అది వాయించినవాళ్లదా, రికార్డింగ్‌దా, కుదించడం వల్లనా అని ఆలోచిస్తూ కూర్చోవడం నాకు ఇష్టం లేదు. లాస్‌లెస్ అయితే అనుమానితుల్లో ఒకరు తగ్గుతారు.

హైరెస్‌కి మాత్రం నేను డబ్బు పెట్టను. 44.1 కిలోహెర్ట్జ్ అంటే 22.05 కిలోహెర్ట్జ్ దాకా ఉన్న ప్రతి శబ్దాన్నీ పట్టుకోవచ్చు. చిన్నపిల్లల చెవి కూడా 20 దగ్గర ఆగుతుంది, మన వయసుకి ఇంకా కిందే. 16 బిట్లంటే మెత్తని శబ్దానికీ గట్టి శబ్దానికీ మధ్య 96 డెసిబెల్స్ చోటు. ఏ గదిలోనూ అంత నిశ్శబ్దం, అంత గట్టి శబ్దం రెండూ ఒకేసారి ఉండవు. రికార్డింగ్ చేసేటప్పుడు 24 బిట్లు కావాలి, నిజమే. వినేటప్పుడు ఎందుకు?

పరీక్షలు కూడా జరిగాయి. 2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు హైరెస్ ప్లేబ్యాక్ మధ్యలో సీడీ స్థాయి మార్పిడి ఒకటి దూర్చి, ఏది ఏదో చెప్పమన్నారు. 554 ప్రయత్నాల్లో సరైన జవాబులు 49.8 శాతం. 2016లో జాషువా రీస్ పద్ధెనిమిది అధ్యయనాలు కలిపి లెక్కిస్తే 52.3 శాతం వచ్చింది, శిక్షణ పొందిన శ్రోతల్లో ఇంకొంచెం ఎక్కువ. అంటే సున్నా కాదు. కానీ 52 శాతం కోసం నేను చందా మార్చను.

మిక్సింగ్‌మావయ్య

ప్రియ గారూ, మీ అనుమానితుల లెక్క నాకు నచ్చింది. 320 దగ్గర ప్రీ-ఎకో పట్టుకున్నానని చెప్పుకునే ధైర్యం నాకు లేదు, అదీ ఇక్కడే చెప్పేస్తున్నా.

బ్లూటూత్ సంగతి ఎవరూ ఎత్తలేదు, రాత్రిపాట గారికి సగం జవాబు అందులోనే ఉంది. ఇయర్‌బడ్స్‌కి వెళ్లే ముందు ఫోన్ పాటని మళ్లీ ఇంకో కోడెక్‌లోకి కుదిస్తుంది. ఎస్‌బీసీ అయితే గరిష్ఠంగా 328 కేబీపీఎస్ దగ్గర. ఐఫోన్ అయితే ఏఏసీ, 256 ప్రాంతంలో. ఎల్‌డాక్‌లో 990 అని పెట్టెమీద రాస్తారు, కానీ 660, 330 అనే మెట్లు కూడా అందులో ఉన్నాయి. జనం మధ్యలో నడుస్తుంటే అది ఏ మెట్టు మీద ఉందో మీకు తెలీదు. ఆప్ట్‌ఎక్స్ లాస్‌లెస్ అని ఒకటి వచ్చింది, ఫోన్‌లోనూ ఇయర్‌బడ్స్‌లోనూ ఉండాలి, సిగ్నల్ బాగుండాలి. బ్లూటూత్‌కి లాస్‌లెస్ మోసేంత వెడల్పు లేదని స్పాటిఫై వాళ్లే చెప్పారు. తన ఎయిర్‌పాడ్స్ బ్లూటూత్ మీద ఏఏసీయే వాడతాయని ఆపిల్ కూడా చెప్పింది. కాబట్టి పగటిపూట వినడానికి లాస్‌లెస్ ఆన్ చేస్తే ఎక్కువగా ఖర్చయ్యేది డేటా.

ఒకటి మాత్రం ప్రియ గారి వైపు మాట్లాడాలి. 320 వోర్బిస్‌ని మళ్లీ ఎస్‌బీసీలోకి కుదిస్తే రెండు నష్టాలు ఒకదానిమీద ఒకటి పడతాయి. లాస్‌లెస్‌ని కుదిస్తే ఒక్కటే. తర్కం ప్రకారం రెండోది మెరుగు. రోడ్డు మీద వాహనాల మోతలో ఎంత మెరుగో మీరే చెప్పండి.

డేటాదొర

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాకు నెట్ కొలిచి ఇస్తారు, లాస్‌లెస్ గంటకి ఎంత తింటుంది?

మిక్సింగ్‌మావయ్య

320 అయితే గంటకి 144 ఎంబీ. సీడీ స్థాయి కుదించకపోతే 635 ఎంబీ, ఫ్లాక్‌లో వస్తుంది కాబట్టి సగం నుంచి మూడింట రెండొంతుల మధ్య వేసుకోండి. 24/192 కుదించకుండా నాలుగు జీబీ దాటుతుంది, ఫ్లాక్ తర్వాత కూడా మీకు నిద్ర పట్టదు. ఇంట్లో వైఫై మీద డౌన్‌లోడ్ చేసుకుని బయటికి వెళ్లండి దొరగారూ.

రాత్రిపాట

అందరికీ ధన్యవాదాలు. చెప్పినవన్నీ చేసి వచ్చాను.

నార్మలైజేషన్, అట్మాస్ ఆఫ్ చేయగానే ఆ పక్కగది గాయని ఇవతలికి వచ్చేసింది. మావయ్య గారికి దండం. కొన్ని పాటలైతే మూడు యాప్‌లలోనూ ఒకేలా అయిపోయాయి. ఎంత ఒకేలా అంటే, నాకు కొంచెం దిగులేసింది కూడా, ట్రయల్ పెట్టుకుని ఇంత హడావిడి చేశానే అని.

తర్వాత మా తమ్ముడిని కూర్చోబెట్టాను. వాడు స్పాటిఫైలో క్వాలిటీ మారుస్తూ ఉంటాడు, నేను స్క్రీన్ చూడకుండా హెడ్‌ఫోన్లలో విని చెప్పాలి. కింద మెట్టు, 320 మధ్య అయితే పల్లవి పూర్తికాకముందే చెప్పగలిగాను. వయొలిన్ అయితే మరీ తేలిక, కమాను శబ్దం పొడిగా, గరుకుగా అయిపోతుంది. 320కీ లాస్‌లెస్‌కీ మధ్య మాత్రం నా జవాబులు గుడ్డిగా చెప్పినట్టే ఉన్నాయి. ఒక సోలో దగ్గర తెలుస్తోందనిపించింది, మళ్లీ పెట్టిస్తే పోయింది. తమ్ముడికి విసుగొచ్చి లేచిపోయాడు.

పగటి సంగతి కూడా తేలింది. మొబైల్ డేటా మీద ఆటోమేటిక్ అనే ఉంది. చాలా కాలంగా బయట నేను వింటున్నది ఏ మెట్టో నాకే తెలీదన్నమాట. మార్చాను. బ్లూటూత్‌లో కూడా ఆ తేడా తెలుస్తోంది.

ఇప్పుడు అసలు చిక్కు. ఒక పాత సినిమా పాట ఉంది. అన్నీ ఆఫ్ చేశాక కూడా ఒక యాప్‌లో గట్టిగా వస్తోంది, ఇంకోదాంట్లో చాలా మెల్లగా. మెల్లగా ఉన్నదాంట్లో వెనక సన్నని "హిస్" ఉంది, కానీ వయొలిన్లు విడివిడిగా వినిపిస్తున్నాయి. గట్టిగా ఉన్నదాంట్లో హిస్ లేదు, వయొలిన్లన్నీ కలిసి ఒక ముద్ద. తమాషా ఏంటంటే, ముద్దగా ఉన్నదాని పక్కనే "హైరెస్" అని ముద్ర ఉంది! ఏది అసలుది?

మిక్సింగ్‌మావయ్య

ఇది, రాత్రిపాట గారూ, ఇదీ అసలు విషయం. ఇంతసేపూ మనం కోడెక్‌ల గురించి కొట్టుకున్నాం గానీ, మీ చెవికి చేరే క్వాలిటీలో పెద్ద వాటా మాస్టర్‌ది.

పాత పాటకి డిజిటల్ రూపం ఒకటే ఉండదు. ఒకప్పుడు సీడీ కోసం టేప్‌నుంచో డిస్క్‌నుంచో ఎక్కించినది ఒకటి. తర్వాత ఎవరో సంకలనం వేసినప్పుడు మళ్లీ చేసినది ఇంకోటి. హక్కులు చేతులు మారినప్పుడు "రీమాస్టర్డ్" అని వచ్చేది మరోటి. సర్వీసులు వాటికి అందిన ఫైల్‌ని పెడతాయి, అది ఏ మూలంనుంచి వచ్చిందో మీకు చెప్పవు. అందుకే ఒకే పాట రెండు యాప్‌లలో రెండు రకాలుగా ఉండటం, ఒకే యాప్‌లో రెండు ఆల్బంలలో రెండు రకాలుగా ఉండటం కూడా మామూలే.

మీ "ముద్ద" ఎలా తయారైందో వినకుండానే ఊహించగలను. మొదట హిస్ పోవాలని నాయిస్ రిడక్షన్ గట్టిగా నడిపారు. హిస్ ఉండేది పైస్థాయిలో. వయొలిన్ మెరుపు, కమాను రాపిడి, గాయని ఊపిరి ఉండేదీ అక్కడే. హిస్‌ని కడిగేటప్పుడు అవీ పోయాయి. తర్వాత కంప్రెసర్, లిమిటర్ పెట్టి మెల్లని చోట్లని పైకి లేపి, గట్టి చోట్లని అణిచి, అంతా ఒకే ఎత్తు చేశారు. పక్కనున్న కొత్త పాటలకంటే మెల్లగా ఉండకూడదని ఆ తాపత్రయం. తొంభైలనుంచి పరిశ్రమ మొత్తం ఈ పోటీలో పడింది. నార్మలైజేషన్ వచ్చాక దానికి అర్థమే లేదు, ఎంత గట్టిగా చేసినా సర్వీసు మళ్లీ కిందకు దించేస్తుంది. అయినా నా దగ్గరికి వచ్చే నిర్మాతలు ఇప్పటికీ "ఇంకొంచెం లౌడ్‌గా" అంటారు.

హైరెస్ ముద్ర ఫైల్ డబ్బా ఎంత పెద్దదో చెప్తుంది, అంతే. 44.1 కిలోహెర్ట్జ్ ఫైల్‌ని 96 కిలోహెర్ట్జ్‌కి పెంచి పెట్టినా ఆ ముద్ర పడుతుంది. మీ దగ్గర ఆ ఫైల్ ఉంటే స్పెక్ట్రమ్ చూపించే సాఫ్ట్‌వేర్‌లో తెరవండి, 22 కిలోహెర్ట్జ్ దగ్గర గోడకట్టినట్టు ఆగిపోయి పైన ఖాళీగా ఉంటే పెంచిందే. ఇక మోనో కాలంనాటి సినిమా పాట అయితే, అప్పటి ఆప్టికల్ సౌండ్‌ట్రాక్‌లో (ఫిల్మ్ మీదే ముద్రించిన శబ్దం) 8 కిలోహెర్ట్జ్ పైన సాధారణంగా పెద్దగా ఏమీ ఉండదు. దాన్ని 192లో అమ్మడం ఏమిటో నాకు అర్థం కాదు. పైగా మోనో అంటే రెండు ఛానళ్లలోనూ ఒకే సరుకు, 320లో చోటు మిగిలిపోతుంది కూడా. ఆ పాటలకి లాస్‌లెస్ గురించి మీరు బెంగపెట్టుకోవద్దు.

హిస్ ఉన్నదే ఉంచుకోండి. ఏది "అసలుది" అని ఖచ్చితంగా తేల్చడం కష్టం గానీ, వయొలిన్లు విడివిడిగా వినిపించేది ఏదైతే అది మూలానికి దగ్గర. ఆల్బం పేజీలో సంవత్సరం కూడా చూడండి, కానీ నమ్మేయకండి. చాలాచోట్ల అక్కడ రాసేది సినిమా వచ్చిన ఏడాదో, యాప్‌లో ఎక్కించిన ఏడాదో. మాస్టర్ చేసిన ఏడాది అరుదు.

ఇంకోమాట, మీ తమ్ముడి పరీక్ష బాగుంది గానీ అందులో ఒక లొసుగు ఉంది. క్వాలిటీ మార్చగానే కొన్ని యాప్‌లలో ఒక చిన్న ఆగుడు వస్తుంది, ఆ ఆగుడే మీకు ఉప్పందించవచ్చు. ఓపిక ఉంటే మీ దగ్గరున్న ఒక ఫ్లాక్ ఫైల్‌ని మీరే 320లోకి మార్చి, కంప్యూటర్‌లో ఫూబార్2000 అనే ప్లేయర్ పెట్టుకుని దాని ఏబీఎక్స్ పరీక్షలో (ఎక్స్ అనేది ఏనా, బీనా అని విని చెప్పేది) వినండి. మాస్టర్ ఒకటే, వాల్యూమ్ ఒకటే, ఏది ఏదో సాఫ్ట్‌వేర్‌కి మాత్రమే తెలుసు. పదహారు సార్లలో పన్నెండు సరిగ్గా చెప్తే, అదృష్టం కొద్దీ అలా జరిగే అవకాశం నాలుగు శాతంలోపే. తమ్ముడికీ విశ్రాంతి.

నిశ్శబ్దప్రియ

హిస్ ఉన్నదే ఉంచుకోమన్న మాటకి రెండు చేతులూ ఎత్తుతున్నాను.

రాత్రిపాట గారు అడాప్టర్ అన్నారు కదా, దాని గురించి ఎవరూ చెప్పలేదు. ఐఫోన్ అయితే ఆపిల్ చిన్న అడాప్టర్ 24/48 దాకా తీసుకుంటుంది, లాస్‌లెస్‌కి అది చాలు. అంతకు మించినదానికే వేరే డాక్ (డిజిటల్ పాటని వినిపించే సిగ్నల్‌గా మార్చే పరికరం) కావాలి. ఆండ్రాయిడ్ అయితే ఫోన్ మామూలుగా అన్ని శబ్దాలనీ కలిపి, ఎక్కువగా 48 కిలోహెర్ట్జ్‌కి మార్చి పంపిస్తుంది. యూఎస్‌బీ డాక్‌కి ఉన్నది ఉన్నట్టు పంపే వీలు ఆండ్రాయిడ్ 14లో వచ్చింది, దాన్ని యాప్ కూడా వాడుకోవాలి. ఆ మార్పిడి వినిపిస్తుందని నేను అనను. కానీ హెడ్‌ఫోన్లు మార్చితే వినిపించే తేడా ముందు ఈ తేడాలన్నీ చిన్నవి. చెవి మీద ప్యాడ్ సరిగ్గా ఆనకపోతే బేస్ మొత్తం కారిపోతుంది, కళ్లజోడు కాడ కూడా చాలు దానికి. అది సరిచూసుకోవడానికి చందా అక్కర్లేదు.

రాత్రిపాట

కళ్లజోడు! నాకు ఉంది. తీసి విన్నాను. ఇంక మాట్లాడను.

ఆ పాత పాట హిస్ ఉన్న విడుదల, నేను ఉంచుకోవాలనుకుంటున్న యాప్‌లో కూడా ఇంకో సంకలనం కింద ఉంది. సినిమా పేరు వేరే స్పెల్లింగ్‌లో ఉండబట్టి ముందు దొరకలేదు. దాన్ని ప్లేలిస్ట్‌లో పెట్టి ముద్దని తీసేశాను. రెండు చందాలు ఆపేస్తున్నాను, ఏవో చెప్పను, మొదటి రోజు చెప్పిన కారణమే. లాస్‌లెస్ వైఫై మీద మాత్రమే ఆన్‌లో ఉంచాను, బయటికి 320 డౌన్‌లోడ్లు. ఏబీఎక్స్ పరీక్షకి ఒక వయొలిన్ సోలో సీడీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాను. పదహారులో ఎన్నొచ్చాయో ఇక్కడే రాస్తాను, తక్కువొచ్చినా సరే.